ఆ సినిమా పాటకు ముందు పద్నాలుగేళ్లున్నాయి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. గత ఆదివారం మీ అనుబంధంలో యువ సంగీత బృందాల గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. సొంతంగా పాటలు కట్టుకుని సొంతంగా వాయించుకునే కుర్రకారు గురించి తెలుగు పత్రికలో ఒక నిండు పేజీ రావడమే అరుదు కాబట్టి ముందుగా వ్యాసకర్తకు నా అభినందనలు. అయితే వ్యాసం చివర 'ఇండియన్ ఓషన్' అనే ఢిల్లీ బృందం ప్రస్తావన వచ్చిన చోట, అది ఒక్క సినిమా పాటతో రాత్రికి రాత్రి వెలుగులోకి వచ్చిన బ్యాండు అని రాసి, ఆ ఉదాహరణ పట్టుకుని మన పిల్లలు కూడా స్టూడియోల గుమ్మాల ముందు ఓపిగ్గా నిలబడాలని సలహా చెప్పారు. ఆ వాక్యం తప్పు. దాని మీద నిలబెట్టిన సలహా అంతకన్నా పెద్ద తప్పు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాయవలసి వస్తోంది. వీలైనంత మేరకు కోత పెట్టకుండా వేయవలసిందిగా మనవి.

నేను సంగీతజ్ఞుణ్ణి కాను. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ముప్పయ్యొక్క ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి విరమించుకున్నవాణ్ణి. మా బడిలో ప్రార్థన ఒడియాలో జరిగేది, పోట్లాట తెలుగులో జరిగేది, వారపు సంతలో కొండచీపుళ్ల బేరం సగానికి సగం సవర భాషలో జరిగేది. 1936 ఏప్రిల్ 1న గీత గీసి మమ్మల్ని ఒడిశాలో కలిపారు గానీ మా చుట్టరికాలు ఆ గీత దాటి పాతపట్నంలోనూ టెక్కలిలోనూ అలాగే ఉన్నాయి. ఇలాంటి చోట బతికేవాడికి, పాట ఏ భాషలో ఉంటే మనదవుతుందన్న ప్రశ్న పుస్తకాల్లోది కాదు, పెరట్లోది. ఆ ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబుల్లో ఒకటి ఈ బ్యాండు. పాతికేళ్లుగా దాన్ని వదలకుండా వింటున్నది అందుకే.

ముందు కాలక్రమం సరిచేస్తాను. గిటారు వాయించే సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి 1984లోనే ఒకరికొకరు తారసపడ్డారు. బృందానికి ఇప్పుడున్న పేరు పెట్టుకున్నది 1990లో. ఆ మరుసటి ఏడు బేస్ గిటారుతో రాహుల్ రామ్ వచ్చి చేరారు. మొదటి ఆల్బమ్ 1993లో వచ్చింది. డ్రమ్స్ వాయించే అమిత్ కిలం 1994లో వచ్చాక గానీ, తర్వాత దేశమంతా ఎరిగిన ఆ నలుగురి కూటమి పూర్తి కాలేదు. వ్యాసకర్త చెప్పిన సినిమా పాట దీనికి పదేళ్ల తర్వాతి మాట. బ్యాండుకు పేరు పెట్టిన నాటి నుంచి లెక్కిస్తే పద్నాలుగేళ్లకు పైమాటే. పద్నాలుగేళ్లంటే రాముడి అరణ్యవాసమంత కాలం, దాన్ని రాత్రికి రాత్రి అనడం భావ్యం కాదు.

ఆ పద్నాలుగేళ్లలో ఏం చేశారన్నదే అసలు సంగతి. ఆ రోజుల్లో ఢిల్లీలో గానీ బొంబాయిలో గానీ కాలేజీ ఉత్సవాల్లో రాక్ బ్యాండు గొప్పతనమంటే పాశ్చాత్య బృందాల పాటలను అచ్చుగుద్దినట్టు దించగలగడమే. ఎవరి గిటారు అసలు రికార్డుకు దగ్గరగా పలికితే వాడే మొనగాడు. వీళ్లు ఆ పోటీలో దిగలేదు. గిటారు గిటారులాగే ఉంది గానీ దాని మీద పలికే వరసల్లో మన రాగాల వాసన ఉంటుంది. పక్కనే డ్రమ్స్ ఉన్నా పక్కవాద్యంగా తబలా ఉంటుంది. ఒక్కో పాట ఏడెనిమిది నిమిషాలు, అందులో మాటలు నాలుగు ముక్కలు, మిగిలినదంతా వాయిద్యం. రేడియోకు పనికిరాదు, పెళ్లికి పనికిరాదు, సినిమాకు అసలే పనికిరాదు. పనికిరాని సంగీతాన్ని పదేళ్లు చేశారనే నేను వాళ్లను గౌరవిస్తాను.

అషీమ్ చక్రవర్తి గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. రాక్ కచేరీ అనగానే పాడేవాడు వేదిక మీద అటూ ఇటూ ఉరకాలని మనకొక ఊహ. ఈయన వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు తబలాలు పెట్టుకుని, వాయిస్తూనే గొంతెత్తి పాడేవారు. పాడేవాడే వాయించడం బుర్రకథలూ పంబ పాటలూ విన్న మనకు కొత్త కాదు గానీ, గిటార్లూ డ్రమ్సూ మధ్య కూర్చుని అది చేయడం వేరు. మా వీధి భజన మందిరంలో తబలా వాయించే పెద్దాయనకు ఒకసారి అషీమ్ పాట ఒకటి వినిపించి ఎలా ఉందని అడిగాను. ఆయన కళ్లు మూసుకుని రెండు ఆవృతాలు తొడ మీద లెక్కపెట్టి, "చెయ్యొక దారినీ గొంతొక దారినీ పోతన్నాయి మాస్టారూ, సమం దగ్గిర మాత్రం రెండూ ఇంటికొచ్చేస్తన్నాయి" అన్నారు. సమం అంటే తాళం తిరిగి మొదలయ్యే దెబ్బ. సంగీత విమర్శకులు రాసిన వాటిలో ఇంతకంటే సూటైన మాట నేను చదవలేదు.

రెండో ఆల్బమ్ 'డెజర్ట్ రెయిన్' పుట్టిన తీరు మీ వ్యాసంలో ఉండవలసింది. అది స్టూడియోలో తయారైనది కాదు. 1989 జనవరిలో ఢిల్లీ శివారు సాహిబాబాద్‌లో వీధినాటకం ఆడుతుండగా జరిగిన దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్న సఫ్దర్ హష్మీ పేరిట ఏటా జనవరి 1న ఢిల్లీలో సభ జరుగుతుంది. 1997లో ఆ సభలో వాయించిన కచేరీనే రికార్డు చేసి ఆల్బమ్‌గా తెచ్చారు. చలికాలం, ఆరుబయలు, ఎదురుగా జనం. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి వాయించే వీలు లేదు. ఇలాంటి బృందం సత్తా తేలేది అక్కడే. ఆ నాటికి వాళ్లలో వాళ్లకు ఎంత సాధన కుదిరిందో ఆ ఆల్బమ్ వింటే తెలిసిపోతుంది. సినిమా అవకాశం కోసం కాచుక్కూర్చున్నవాళ్ల వాయిద్యం కాదది.

ఇక నా సొంత పరిచయం 2000లో వచ్చిన 'కందీశా' ఆల్బమ్‌తో మొదలైంది. ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు దసరాకు వస్తూ ఆ క్యాసెట్ తెచ్చి, "పెదనాన్నా, నువ్వు ఇది వినాల" అని టేప్ రికార్డరులో పెట్టి తన దారిన తాను సినిమాకు పోయాడు. మొత్తం ఏడే పాటలు. కరెంటు పోతే బ్యాటరీలు వేసుకుని మరీ ఆ రాత్రి రెండు వైపులా విన్నాను. ఆ ఏడింటిలో భాషల లెక్క చూడండి. 'కందీశా' అన్న పాట కేరళలోని సిరియన్ క్రైస్తవులు ప్రార్థనలో పాడుకునే స్తోత్రం, అరామిక్ అనే ప్రాచీన పశ్చిమాసియా భాషలోది. ఆ మాటకు పరిశుద్ధుడని అర్థం. 'మా రేవా' నర్మదా లోయ జనం తమ నదిని తల్లిగా తలచి పాడుకునే పాట. రేవా అన్నది నర్మదకు మరో పేరు. 'హిల్లేలే' గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురీ గీతం. ఢిల్లీలో కూర్చున్న నలుగురు, తాము పుట్టి పెరిగిన ఇళ్లలో మాట్లాడని భాషల్లో పాటలు పాడి, తమవి చేసుకున్నారు.

'మా రేవా' వాళ్ల దగ్గరికి పుస్తకంలోంచి రాలేదు. రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ చేసి తిరిగి వచ్చి, ఆనకట్ట కింద మునిగిపోయే ఊళ్ల పక్షాన సాగిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. ఆ ఊళ్లలో విన్న పాట అది. అంటే పాట వెతుక్కుంటూ ఊరికి పోలేదు, ఊరి పని మీద పోతే పాట దొరికింది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా మటుకు చాలా పెద్దది. జానపదం పేరుతో ఈమధ్య మన టీవీల్లో వినిపిస్తున్న వాటిలో చాలా వరకు, పాట కోసం ఊరికి పోయి, ఫోనులో రికార్డు చేసుకుని, దానికి మిషను దరువు తగిలించి తెచ్చినవే. వాటిలో ఊరి పేరుంటుంది, ఊరుండదు.

మా ఊరికి ఈ సంగతి ఎంత దగ్గరదో చెబుతాను. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలోనే. తెలుగువాళ్లం ఆగస్టు 29న ఆయన్ను తలుచుకుని దండలు వేస్తాం గానీ, ఆయన తన జీవితంలో పెద్ద భాగం మా చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకోవడానికీ, వారి పాటలూ కథలూ సేకరించడానికీ, నిఘంటువు కట్టడానికీ ధారపోశారన్న సంగతి ఆ రోజు కూడా ఎవరికీ గుర్తు రాదు. తనది కాని భాషలోని పాటను చెవి ఒగ్గి వినడం మా ఊరికి ఢిల్లీవాళ్లు నేర్పవలసిన విద్య కాదు. మరచిపోయిన విద్య, అంతే.

ఇప్పుడు ఆ సినిమా పాట దగ్గరికి వస్తాను. 'బ్లాక్ ఫ్రైడే' 1993 బొంబాయి పేలుళ్ల మీద అనురాగ్ కశ్యప్ తీసిన సినిమా. దానికి సంగీతం ఈ బ్యాండు చేసింది. పీయూష్ మిశ్రా రాసిన 'బందే' అందులోదే. కేసు విచారణ నడుస్తుండగా సినిమా విడుదల చేయరాదని బొంబాయి హైకోర్టు ఆపడంతో, 2005 ఆరంభంలో రావలసిన సినిమా 2007 ఫిబ్రవరి దాకా థియేటర్ల ముఖం చూడలేదు. పాట మాత్రం ఆగలేదు. సినిమా కోర్టు మెట్ల మీద ఉండగానే ఆ పాటను కాలేజీ కుర్రాళ్లు గిటార్ల మీద వాయించేస్తున్నారు. కచేరీల్లో అది లేకపోతే జనం కదలనివ్వని స్థితి అప్పటికే వచ్చింది. కాబట్టి సినిమాయే ఆ పాటకు ప్రాణం పోసిందని మీ వ్యాసకర్త రాసినది తిరగేసి చదువుకోవాలి. పాటే సినిమాకన్నా ముందు నడిచింది. అలా నడవగలిగిందంటే దాని వెనక 'కందీశా' ఉంది, 2003లో కబీరు పదం పేరుతో వచ్చిన 'ఝీనీ' ఉంది, పదేళ్లు ఊరూరా తిరిగి వాయించిన కచేరీలున్నాయి. వినేవాళ్లు ముందే తయారై ఉన్నారు.

కానీ ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది పాట గురించి కూడా కాదు, ఒక ఇంటి గురించి. ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఖజూర్ రోడ్డు మీద 16/330 నంబరు గల పాతకాలపు బంగళా అది. ఏళ్ల తరబడి ఈ బృందం సాధన చేసుకున్నది అందులోనే. ఎవరికి ఎప్పుడు తోచినా వచ్చి కూర్చోగల చోటు, వాయిద్యాలు సర్దుకుని ఇంటికి మోసుకుపోనక్కరలేని చోటు, చప్పుడు చేస్తే ఎవరూ తలుపు కొట్టని చోటు. వాళ్ల పాటలు అంత నిదానంగా ఎదగడానికి, ఒక వరసను నెలల కొద్దీ తిప్పితిప్పి చూసుకోగలగడానికి ఆ చోటే ఆధారమని నా నమ్మకం. వాళ్లకూ ఆ రుణం తెలుసు. 2010లో తెచ్చిన ఆల్బమ్‌కు ఏ కవితాత్మకమైన పేరో పెట్టకుండా ఆ చిరునామానే పేరుగా పెట్టారు. పోస్టుమ్యాను చదువుకునే పేరు ఆల్బమ్ అట్ట మీద! అంతే కాదు, అందులోని ఏడు పాటలను ఏ కంపెనీ చేతిలోనూ పెట్టకుండా, ఆ ఏడు జూలై నుంచి నెలకొకటి చొప్పున తమ వెబ్‌సైటులో ఉచితంగా వదిలారు. క్యాసెట్లూ సీడీలూ అమ్ముకుని బతికే రోజులు పోయాయని, కచేరీయే తమ అన్నం గిన్నె అని అప్పటికే వాళ్లకు తెలుసు.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా దగ్గర నలుగురు పిల్లలున్నారు, ముగ్గురబ్బాయిలు, ఒక అమ్మాయి. ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఒకడు డిగ్రీ చదువుతున్నాడు, ఒకడు వాళ్ల నాన్నతో కలిసి పెళ్లిళ్లకు మైకుసెట్టు కడతాడు. అమ్మాయి గుమ్మ వైపు కొండ ఊరి సవరపిల్ల, చర్చిలో పాడుతుంది, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. వీళ్లలో ఇద్దరు నా దగ్గర అ ఆ లు దిద్దినవాళ్లే. వీళ్లకు సాధన చేసుకోవడానికి చోటు లేదు. ఊళ్లో సభామందిరం ఒకటుంది, ఏడాదిలో మూడొందల రోజులు తాళం వేసి ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వమని నేనే స్వయంగా దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. మొదటిసారి సంబంధిత వ్యక్తి లేరన్నారు. రెండోసారి, పెళ్లికి కట్టే అద్దే కట్టాలన్నారు. మూడోసారి, దరఖాస్తు ఒడియాలో రాసి తెమ్మన్నారు, రాసి తీసుకెళ్లాను. నాలుగోసారి, పోటీలేమైనా ఉంటే చెప్పండి ఇస్తాం, ఊరికే వాయించుకోవడానికి ఎలా ఇస్తామన్నారు. ఆ చివరి మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఊరికే వాయించుకోవడమన్నది ఒక పని అని అనిపించుకోదు మన దగ్గర. చివరికి ఒక మూతపడ్డ రైసుమిల్లు గోదాములో చోటు దొరికింది. ఊకధూళికి అమ్మాయికి తుమ్ములు వస్తాయి, అదొక్కటే ఇబ్బంది.

బ్యాండు చరిత్రలో మీ వ్యాసం పూర్తిగా వదిలేసిన భాగం తర్వాతి పదిహేనేళ్లు. 2009 డిసెంబరు 25న అషీమ్ చక్రవర్తి గుండెపోటుతో కన్నుమూశారు. ఇందాక చెప్పిన ఏడు పాటల్లో ఆయన గొంతు ఉంది. ఆయన పోయాక నెలకొకటిగా అవి బయటికి వస్తుంటే, ప్రతి నెలా ఒక ఉత్తరం వచ్చినట్టుండేది. ఆయన స్థానంలో ఒకరు కాదు, ఇద్దరు రావలసి వచ్చింది. పాడడానికి హిమాంశు జోషి, తబలాకు తుహిన్ చక్రవర్తి. చెయ్యీ గొంతూ ఇద్దరు మనుషులకు పంచవలసి వచ్చిందంటే ఆ ఒక్క మనిషి ఎంత బరువు మోశారో తెలుస్తుంది. 2013లో సుస్మిత్ సేన్ కూడా తన దారిన తాను వెళ్లిపోయారు. గిటారు నిఖిల్ రావు చేతికొచ్చింది. అంటే 1984లో తారసపడి బీజం వేసిన ఇద్దరిలో ఒక్కరూ మిగల్లేదు. మరి పేరు మాత్రం అదేనా?

మా తమ్ముడి కొడుకు ఇప్పటికీ దీని మీద నాతో వాదిస్తాడు. సుస్మిత్ గిటారు లేనిది ఆ బ్యాండే కాదంటాడు. నా అభిప్రాయం వేరు. మా వీధి భజన సమాజం పెట్టినవాళ్లలో ఈరోజు ఒక్కరూ బతికి లేరు. అయినా ధనుర్మాసంలో తెల్లవారుజామున బయల్దేరేది ఆ సమాజమే. మనుషులు మారినా పాట పట్టుకునే తీరు చేతులు మారుతూ వస్తే పేరు నిలుస్తుంది. అయితే నాకు నచ్చనిది నచ్చలేదని చెప్పాలి. 2014లో వచ్చిన 'తందను' ఆల్బమ్‌లో పాటపాటకూ ఒక పెద్ద అతిథిని పిలిచారు, శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్ వంటి మహామహులను. విందు ఘనంగానే ఉంది, కానీ వడ్డించేవాళ్లెక్కువై ఇంటివాళ్లెవరో తెలియలేదు. కొత్తగా చేరినవాళ్లు ఇంట్లో కుదురుకునే కాలంలో అంతమంది చుట్టాల్ని పిలవకుండా ఉండవలసిందని నా మనసుకు అనిపించింది. మరుసటి ఏడు 'మసాన్' సినిమాకు చేసిన పాటల్లో ఆ తొందర లేదు. వరుణ్ గ్రోవర్ మాటలకు వాళ్లు కట్టిన వరసలు, నది ఒడ్డున సాయంత్రం పూట కూర్చుని వినదగినవి. 'తందను' తర్వాత తొమ్మిదేళ్ల విరామంతో 2023లో 'తూ హై' ఆల్బమ్ వచ్చింది. దాన్ని ఇంకా వింటున్నాను, ఇప్పుడే తీర్పు చెప్పను.

సినిమా ఊసే లేకుండా మిగిలిన బృందమూ ఉంది. 1970ల మధ్యలో కలకత్తాలో గౌతమ్ చటోపాధ్యాయ్ మొదలుపెట్టిన 'మొహీనేర్ ఘోడాగులి' మూడు రికార్డులు తెచ్చి, వినేవాళ్లు లేక 1981లో ఆగిపోయింది. 1995లో ఆయనే కొత్త కుర్రాళ్లను కూడగట్టి పాటలు మళ్లీ బయటికి తెచ్చేసరికి బెంగాలంతా పాడుకుంది. అప్పటిదాకా వాళ్లు విఫలమైనట్టా, సఫలమైనట్టా? మీ వ్యాసకర్త కొలతలో ఇలాంటివారికి ఏ గడిలోనూ చోటు లేదు.

గత చలికాలంలో ఒక సాయంత్రం గోదాములో పిల్లలకు 'కందీశా' వినిపించాను. సెల్‌ఫోను బాగుచేసే అబ్బాయి, "ఇదేటి భాష మాస్టారూ? ముక్క అర్థం కాలేదు గానీ మళ్లీ పెట్టండి" అన్నాడు. సవరపిల్ల మాత్రం ఏమీ అనలేదు. రెండోసారి వింటున్నప్పుడు నెమ్మదిగా కింది స్థాయిలో వంత పాడటం మొదలుపెట్టింది. తర్వాత అడిగితే, "ఇది గుడిలో పాడే పాటే కదండీ, మేమూ ఇలాగే సాగదీస్తాం" అంది. చర్చిని మా వైపు చాలామంది గుడి అనే అంటారు. అరామిక్ ముక్క రాని పిల్లకు అది దేవుడి పాటని తెలియడానికి నిఘంటువు అక్కర్లేకపోయింది. ఆ రాత్రే వాళ్లు, ఆమె తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న సవర పాట ఒకటి తీసుకుని దాని మీద పని మొదలుపెట్టారు. నాలుగు నెలలైంది. ఇంకా రెండో చరణం దగ్గరే ఉన్నారు. నేను తొందరపెట్టడం లేదు.

ఆ పాటలో వాడుతున్న వాద్యం గురించి చెప్పి ముగిస్తాను. ఇండియన్ ఓషన్ కచేరీల్లో అమిత్ కిలం డ్రమ్స్ వదిలి అప్పుడప్పుడు గుబ్‌గుబీ అనే చిన్న వాద్యాన్ని చంకలో ఇరికించుకుని వాయిస్తారు. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నేను లేచి కూర్చున్నాను, ఎందుకంటే అది మా చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే జముకులవాళ్ల చప్పుడు. మన జముకూ అదే జాతిది. డోలు గిన్నెకు ఒక పక్క తోలు మూసి ఉంటుంది, రెండో పక్క తెరిచి ఉంటుంది. తోలు నట్టనడిమి నుంచి నరం ఒకటి బయటికి వచ్చి దాని కొసన చిన్న పుల్ల ఉంటుంది. గిన్నెను చంకలో నొక్కిపట్టి, ఒక చేత్తో పుల్లను లాగి బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో నరాన్ని మీటితే శ్రుతి జారుతూ ఎక్కుతూ మనిషి మూలిగినట్టు, నవ్వినట్టు పలుకుతుంది. ఢిల్లీ వేదిక మీద అది ముచ్చటైన వింత. మా పక్కన జముకుల కథ చెప్పేవాళ్లు ముసలివాళ్లయిపోయి, వాద్యాలు అటకెక్కాయి. మైకుసెట్టు అబ్బాయి పాతపట్నం అవతల ఒక ఊళ్లో అలాంటి అటక మీద నుంచి ఒక జముకు దింపించుకుని వచ్చాడు. తోలు ఎలుకలు కొట్టేశాయి. కొత్త తోలు మూయించడానికి వారం, నరం దొరకడానికి మరో రెండు వారాలు పట్టింది. దాన్ని వాయించడం నేర్పడానికి ఆ వాద్యం తాలూకు తాతగారు మహేంద్రతనయ నది వంతెన దాటి నెలకు రెండుసార్లు వస్తున్నారు. డబ్బు పుచ్చుకోరు, బీడీకట్టా టీ చాలంటారు.

వ్యాసకర్త గారు ఈ నలుగురిని చూడదలచుకుంటే నౌపడలో గుణుపురం బండి ఎక్కి పర్లాకిమిడిలో దిగవచ్చు. ఏ శనివారమైనా సాయంత్రం నాలుగు తర్వాత గోదాములో ఉంటారు. వీళ్లకు సినిమా అవకాశం వచ్చిందా అని మాత్రం మొదటి ప్రశ్నగా అడగవద్దని నా మనవి. ఇప్పుడు వాళ్ల ముందున్న చిక్కల్లా ఆ రెండో చరణంలో గిటారు ముందు రావాలా, జముకు ముందు రావాలా అన్నది. తాతగారు జముకే ముందంటున్నారు. వచ్చే ఆదివారం సంచికలో ఆ ఒక్క వాక్యానికి సవరణ వేసి, బ్యాండు పుట్టిన ఏడు 1990 అని అచ్చువేస్తే చాలు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.